వెచ్చగా ఉంచండి

పుట్టబోయే బిడ్డకు మా ఇంట్లో ముందుగా ఏదీ కుట్టరు. టోపీ కుట్టరు, లంగోటా కుట్టరు, పక్కలో పరిచే చిన్న బొంత కూడా కుట్టరు. కడుపులో ఉండగానే బట్ట సిద్ధం చేస్తే బిడ్డ మీద కీడు కన్ను పడుతుందని మా అమ్మ భయం. అమ్మ మా క్రైస్తవ సంఘంలో ముందు వరుసలో చాప పరుచుకుని కూర్చునే మనిషి. అక్షరం రాకపోయినా, పాస్టరు అయ్యగారు వాక్యం చదవడం మొదలుపెట్టగానే మిగతాది పెదవులతో పూర్తిచేసేది. అయినా పాత ఊరి భయాలు కొన్ని ఆమెతో పాటే బాప్తిస్మం నీళ్ళలో మునిగి, ఆమెతో పాటే పైకి లేచాయి.

మా తమ్ముడి భార్యకు అప్పటికి రెండు కాన్పులు నిలవలేదు. మొదటిది ఆరో నెలలోనే పోయింది. రెండోది పుట్టింట్లో జరిగింది. బిడ్డ పుట్టాడు కానీ ఏడవలేదు. మరదలి తల్లి ముందుగానే చుక్కల చొక్కా ఒకటి కుట్టి దండెం మీద ఆరేసిందని, అందుకే అట్లా జరిగిందని అమ్మ గట్టిగా నమ్మింది. మూడోసారి నెల తప్పినప్పుడు మరదలిని పుట్టింటికి పంపేది లేదని తేల్చి చెప్పింది. ఆ ఏడాది మా ఇంట్లో అందరి ప్రార్థనా ఒక్కటే. ఈ బిడ్డ బతకాలి.

తొంభైల చివరి మాట ఇది. గచ్చిబౌలికీ లింగంపల్లికీ మధ్య ఒక ఊళ్ళో రెండు గదుల రేకుల ఇల్లు మాది. చుట్టూ బండలు. మాదాపూర్ వైపు హైటెక్ సిటీ లేచాక మా వైపు కూడా బండలు పగలగొట్టి నేల చదును చేయడం మొదలైంది. పొద్దునా మధ్యాహ్నమూ ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని దారి ఆపేవాడు, ఈల వేసేవాడు. ఆ తరువాత నేల లోపలి నుంచి ఒక దెబ్బ. గూట్లో గిన్నెలు కదిలేవి. పగిలిన రాయిని మా తమ్ముడు ట్రాక్టరులో మోసేవాడు. ఇంటికి వచ్చేసరికి వాడి కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది.

నేను పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోయి పుట్టింటికి తిరిగివచ్చినదాన్ని. పిల్లలు లేరు. చిన్నప్పుడు మిషను హాస్టల్లో నేర్పిన కుట్టుపనీ అల్లికపనీ చేతిలో ఉన్నాయి. కొత్త బట్ట కొని కుట్టే స్థితి మాకు ఎన్నడూ లేదు. మా ఇంట్లో పని అంతా పాతవాటితోనే.

ఆ పాతవి తెచ్చేది స్టీలు గిన్నెల ఆమె. గంపలో గిన్నెలు పెట్టుకుని లింగంపల్లి చుట్టుపక్కల కాలనీలన్నీ తిరిగి, పాత బట్టలు తీసుకుని గిన్నెలు ఇచ్చేది. మంచి చీరలు, ప్యాంట్లు నగరంలో పాతబట్టల బజారుకు పోయేవి. చిరిగినవి, రంగు దిగినవి, అక్కడ ఎవరూ ముట్టనివి నా గుమ్మంలో కుమ్మరించేది. వాటికి బదులుగా ఆమెకు రవికలు, లంగాలు నేను కుట్టిపెట్టేదాన్ని.

“నీకు చిరిగినవే ముద్దక్కా. మంచి చీరిస్తే నీకు నిద్ర పట్టదు,” అని నవ్వేది.

నిజమే. బొంతకు కొత్త చీర పనికిరాదు. గంజి దిగి, నీళ్ళలో నాని నాని, వేళ్ళ మధ్య పాలమీగడలా జారే నూలుచీర కావాలి. అట్లాంటివి నాలుగు పొరలు నేల మీద పరిచి, మూలలకు రాళ్ళు పెట్టి, ముడతలు చేత్తో నడి నుంచి అంచులకు తోసి, అప్పుడు పెద్ద సూదితో కుట్టు మొదలుపెట్టేదాన్ని. దారం కూడా కొనలేదు. చీర అంచులోంచి పోగులు లాగి, రెండు కలిపి పేని వాడేదాన్ని.

ఊలు సంగతి వేరు. మా వైపు కాలనీల్లో ఉత్తరాది వాళ్ళు ఉండేవారు. వాళ్ళ పిల్లలకు పొట్టివైపోయిన స్వెట్టర్లు గిన్నెల ఆమె గంపలో పడేవి. స్వెట్టరు చేతికి రాగానే ముందు పక్క కుట్టు చూసేదాన్ని. చేత్తో అల్లినదైతే కుట్టు విప్పి, మెడ దగ్గర పోగు దొరకబుచ్చుకుని లాగితే చివరిదాకా ఒకటే దారంగా వస్తుంది. మిషను మీద కత్తిరించి కుట్టినదైతే జానెడు జానెడు ముక్కలే. కొంచెం పోగు తెంపి నిప్పుకు చూపేదాన్ని. వెంట్రుక కాలిన వాసన వస్తే అసలు ఊలు. కరిగి ఉండకడితే అది వేరు, కాళ్ళు తుడుచుకునే పట్టాకు పోతుంది. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది కదా, దాన్ని మోకాళ్ళకు చుట్టి గుండ్రటి కట్టగా, చిలపగా చేసి, కుంకుడు రసంలో ముంచి, కింద బరువుకు తాళంకప్ప కట్టి దండెం నుంచి వేలాడదీసేదాన్ని. ఆరేసరికి దారం నిటారుగా వచ్చేది. అల్లిక సూదులు సైకిలు చక్రం పుల్లలే. తమ్ముడు వాటి కొనలను బండ మీద అరగదీసి ఇచ్చాడు.

మరదలికి ఐదో నెల వచ్చేసరికి నేను ఊరుకోలేకపోయాను. చలికాలం నాటికి బిడ్డ వస్తాడు. మా వైపు బండలు పగలంతా కాగి, పొద్దు వాలగానే ఐసులా అయిపోతాయి. బిడ్డ పుట్టాక స్వెట్టరు అల్లడం మొదలుపెడితే అది ముగిసే లోపు చలి ముగుస్తుంది. ఏమీ కుట్టనని అమ్మకు మాట ఇచ్చాను. కుట్టలేదు, అల్లలేదు. విప్పాను. గంపలో వచ్చిన ప్రతి స్వెట్టరూ విప్పి, ఉతికి, ఉండలు చుట్టి బియ్యం డబ్బా వెనక పేర్చాను. 

ఒకరోజు అమ్మ డబ్బా జరిపి ఆ ఉండలు చూసింది. మరదలు గుమ్మంలో కూర్చుని కూర తరుగుతోంది. మరదలే ముందు అంది.

“అత్తమ్మా, వదినె ఏం కుడ్తలేదు. ఊరోళ్ళ స్వెట్టర్లు విప్పుతున్నది. విప్పుడుకు కూడా కీడుంటదా?”

అమ్మ ఒక ఉండ చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. “విప్పుడుకు ఏం గాదు,” అంది చివరికి. “గని, లెక్కపెట్టి చూసుకోకుండ్రి. పెద్దగా మాట్లాడకుండ్రి.”

ఆ పూట నుంచి మరదలు కూడా నాతో కూర్చుంది. తను లాగేది, నేను చుట్టేదాన్ని. ముదురాకుపచ్చ స్కూలు స్వెట్టరు ఒకటి వచ్చినప్పుడు మోచేతుల దగ్గర ఊలు అరిగి దారం తెగుతూ ఉంటే, ఆ పిల్లవాడు బల్లమీద మోచేతులు ఆనించి నిద్రపోయే రకమని, తన కొడుకు అట్లా కాకుండా చూసుకుంటానని అంది. తన కొడుకు అన్న మాట తానే విని నోరు మూసుకుంది. నేను కూడా వినిపించుకోనట్టే ఉండలు చుట్టాను.

సంఘంలో స్త్రీలు బుధవారాల్లో మధ్యాహ్నం కూడుకునేవాళ్ళం. రేకుల షెడ్డు, చాపలు, గోడకు ఆనించిన డప్పు. ఆ నెలలన్నీ మరదలి కోసం ఉపవాస ప్రార్థన జరిగింది. బిడ్డల కోసం ఏడ్చిన తల్లుల కథలు వాక్యంలో చాలా ఉన్నాయి. అవన్నీ చదివారు. ఆ తల్లుల కడుపులు పండాయని చదివినప్పుడల్లా నా మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నేను ఆ మాటలను అప్పుడు నమ్మాను. ఇప్పుడూ నమ్ముతాను. కానీ వాక్యంలో కాన్పు అయిన పూట పోయిన తల్లి కథ కూడా ఉంది. ఆ భాగం మాలో ఎవరూ చదవలేదు. చదవాలని ఎవరికీ తోచలేదు. మా కళ్ళన్నీ బిడ్డ మీదే ఉన్నాయి.

నెల ముందుగానే నొప్పులు వచ్చాయి. క్రిస్మస్ ఇంకా రాలేదు. తమ్ముడు ట్రాక్టరు దిగి సెవెన్ సీటర్ ఆటో పట్టుకొచ్చాడు. నగరంలో సర్కారు దవాఖానాలో కాన్పు అయింది. మగబిడ్డ. ఏడ్చాడు. పిల్లిపిల్ల ఏడ్చినట్టు సన్నగా ఏడ్చాడు కానీ ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే అమ్మ వరండాలో నేల మీద మోకరించింది.

రెండు అరచేతుల్లో పట్టేంత బిడ్డ. చెవులు కాగితంలా ఉన్నాయి. పంపించేటప్పుడు నర్సు తమ్ముడి వైపు చూసి, “చిన్నగా ఉన్నాడు. వెచ్చగా ఉంచండి. చల్లబడనివ్వకండి,” అని చెప్పింది. ఆ మాటను మేము వాక్యంలా పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

మొదటి బట్ట కొత్తది వేయకూడదు కదా. నిండా బతికిన మనిషి కట్టి విడిచిన గుడ్డలోనే బిడ్డను చుట్టాలి. మా సంఘంలో అందరికంటే ముసలాయన దగ్గరికి అమ్మ వెళ్ళి ఆయన పాత ధోవతి చించుకొచ్చింది. దానిలో చుట్టాక నా పని మొదలైంది. ఇక అడ్డు లేదు. పురుడు వెళ్ళేదాకా బిడ్డకు కొత్త బట్ట తగలకూడదు, అయితే ఇది పాత ఊలు కాబట్టి కొత్త కిందికి రాదని అమ్మే తీర్పు చెప్పింది. మొదటి రోజే టోపీ అయింది. తరువాత మేజోళ్ళు, నా బొటనవేలికి పట్టేంతవి. తరువాత స్వెట్టరు. ముదురాకుపచ్చ, మెరూన్, బూడిదరంగు, ఏది చేతికి వస్తే అది. పక్కన పెట్టుకుని చూస్తే గుడ్డల మూటలా ఉండేవాడు, మధ్యలో రూపాయి బిళ్ళంత ముఖం.

అయినా కాళ్ళు చల్లగానే ఉండేవి. మేము ముగ్గురం రోజంతా చేసిన పని ఒక్కటే. మేజోడు లాగి ఆ కాళ్ళు పట్టి చూడడం. వంట మధ్యలో లేచి వెళ్ళి చూసేదాన్ని. తమ్ముడు దుమ్ము కడుక్కుని, చేతులు కుంపటి మీద కాచుకుని వచ్చి చూసేవాడు. 

బాలెంత గది మా వాళ్ళు ఎట్లా ఉంచుతారో అట్లాగే ఉంచాం. కిటికీకి గోనెపట్టా కట్టాం. మంచం కింద కుంపటి. పొద్దునా సాయంత్రమూ సాంబ్రాణి పొగ. మరదలి తలకు, చెవులకు గుడ్డ బిగించి కట్టాం, గాలి చొరకుండా. పైన రెండు బొంతలు. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని గుక్కెడు గుక్కెడుగా ఇచ్చాం. జర నీళ్ళు వదినె, అని మరదలు అడిగినప్పుడు నేను గ్లాసు సగం నింపి తీసుకెళితే, అమ్మ అందులోంచి సగం వంచేసేది. అందులో పగ లేదు. అమ్మను కన్న తల్లి అమ్మకు కూడా అట్లాగే చేసింది.

“చలైతున్నది,” అని మరదలు అంది ఒకరోజు. క్రిస్మస్ అయిపోయింది. మా అందరికీ చలిగానే ఉంది. నేను ఇంకో బొంత తెచ్చి కప్పాను. అది నేను కుట్టిన వాటిలోకెల్లా మందమైనది.

మరుసటి రోజు బిడ్డ కాళ్ళు వెచ్చగా ఉన్నాయి.

ముందు నేనే చూశాను. నమ్మలేక రెండో కాలు పట్టుకున్నాను. అదీ వెచ్చగానే ఉంది. అమ్మను పిలిచాను. అమ్మ మెడ కింద చేయి పెట్టి చూసి, స్తోత్రం ప్రభువా, అంది. బిడ్డ రాత్రంతా తల్లి రొమ్ముకు అంటుకుని పడుకున్నాడు. పక్క నుంచి తీసి ఉయ్యాలలో వేస్తే మళ్ళీ చల్లబడేవాడు. తల్లి దగ్గర పెడితే వెచ్చబడేవాడు.

“నా దగ్గరనే ఉండనీ వదినె,” అంది మరదలు. కళ్ళు మెరుస్తున్నాయి, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. “నా దగ్గరుంటే వానికి చలి పెడ్తలేదు.”

ఆ బుగ్గలు చూసి, ఒంట్లోకి రక్తం వస్తోందని అమ్మ సంతోషపడింది. ఆ బుధవారం స్త్రీల కూడికలో అమ్మ లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. చల్లబడిపోతున్న బిడ్డకు ప్రభువు వేడి ఇచ్చాడని, తల్లి ఒంట్లో నుంచే ఇచ్చాడని చెప్పింది. అందరం చప్పట్లు కొట్టాం. డప్పు తీసి పాట పాడాం. నేను గొంతెత్తి పాడాను.

ఆ వేడి జ్వరం.

తల మీద గుడ్డ, చెవుల మీద గుడ్డ, మూడు బొంతలు, కుంపటి, పొగ. బాలెంత ఒళ్ళు వేడిగా ఉండడం మా ఇళ్ళలో వింత కాదు. ఉండకపోతేనే వింత. ఆమె వణికితే చలి అనుకున్నాం. నీళ్ళు అడిగితే బాలెంతలందరూ అడుగుతారనుకున్నాం. గదిలో వచ్చే వాసనను సాంబ్రాణి మింగేసింది. ఆ గదిలోకి రోజుకు ఎన్నిసార్లు వెళ్ళామో చెప్పలేను. వెళ్ళిన ప్రతిసారీ బొంత అంచు ఎత్తి బిడ్డ కాళ్ళే ముట్టుకున్నాం.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి భార్య మా ఇంటికి వచ్చింది. ఆమెది కోస్తా వైపు. మెత్తగా మాట్లాడేది, అందరినీ అండి అనేది. బిడ్డను చూసి, మంచం పక్కన నిలబడి, తల్లి కోసం ప్రార్థన చేస్తానంది. మేము కళ్ళు మూసుకున్నాం. ప్రార్థన చేసేటప్పుడు ఆమె మనిషి తల మీద చేయి వేస్తుంది. తలకు కట్టిన గుడ్డ మీద చేయి ఆనించడం ఇష్టంలేక కాబోలు, గుడ్డ కొంచెం పైకి జరిపి నుదుటి మీద వేసింది. ప్రభువా, అని మొదలుపెట్టి ఆగిపోయింది. నేను కళ్ళు తెరిచాను.

ఆమె మెడ కింద చేయి పెట్టింది. తరువాత బొంతల కిందికి పోనిచ్చింది.

“ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందండీ?” అని అడిగింది.

“బాలెంతకు చలుంటది గద, అమ్మగారు,” అంది అమ్మ.

“ఇది చలి కాదండి. ఒళ్ళు కాలిపోతోంది.” ఆమె ఆమెన్ అనలేదు. మూడు బొంతలూ ఒక్కసారే లాగేసింది. అప్పుడు ఆ వాసన మాకూ తెలిసింది. కింది పొర తడిసి ఉంది. నేను కుట్టిన కుట్లు ఆమె వీపు మీద వరసలుగా అచ్చుపడి ఉన్నాయి.

బిడ్డను అమ్మ దగ్గర వదిలి తమ్ముడూ నేనూ ఆమెను ఆటోలో పడుకోబెట్టుకుని బయలుదేరాం. గచ్చిబౌలి దాటేదాకా కళ్ళు తెరిచే ఉంది. “వాని కాళ్ళు చూసినవా వదినె,” అని అడిగింది. చూశాను, వెచ్చగా ఉన్నాయి అని చెప్పాను. అబద్ధం కాదది. గడప దాటే ముందు చూసే వచ్చాను.

దవాఖానాలో డాక్టరమ్మ, ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని అడిగింది. తమ్ముడు నా వైపు చూశాడు. ఏం చెప్పాలి? వెచ్చగా ఉంచాం అని చెప్పాలి. సీసాలు ఎక్కించారు, సూదులు వేశారు. చల్లటి నీళ్ళ గుడ్డతో ఒళ్ళు తుడవమన్నారు. రెండు రోజులు తుడిచాను. తుడిచిన చోట చిటికెలో ఆరిపోయేది. మంగళవారం తెల్లారేసరికి నా చేతి కింద ఆ వేడి తగ్గుతూ వచ్చింది. జ్వరం దిగుతోందని నేను ఇంకా తుడుస్తూనే ఉన్నాను. పక్క మంచం ఆమె లేచి వచ్చి నా చెయ్యి పట్టి ఆపింది.

సంఘం సమాధుల తోట బండల అవతల ఉంది. మన్ను వేసి వస్తుంటే అమ్మ అందరికంటే వెనక నడిచింది. తిరిగి చూస్తే, కొంగు ముడి విప్పి ఆవాలు తీసి దారి మీద చల్లుతోంది. బాలెంతగా పోయినామె బిడ్డ కోసం తిరిగి వస్తుందని, ఆవాలు చల్లితే అవి ఏరుకుంటూ తెల్లారిపోతుందని పాత ఊరి నమ్మకం. అయ్యగారు చూసి, తల తిప్పుకుని ముందుకు నడిచారు. ఆమె ఏడుస్తూ చల్లుతోంది.

ఇంట్లో బిడ్డ పాలు ముట్టడం మానేశాడు. పొరుగింటి ఆవుపాలు నీళ్ళు కలిపి కాచి, ఉగ్గుగిన్నెతో పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయేవి. దూదివత్తి ముంచి నోట్లో పెడితే చప్పరించేవాడు కాదు. ఏడుపు కూడా సన్నబడింది. కాళ్ళు మళ్ళీ చల్లబడ్డాయి. మా దగ్గరున్న ఊలు అంతా చుట్టాం. టోపీ మీద టోపీ పెట్టాం. ఊలుకు తన వేడి అంటూ ఉండదు. లోపల ఉన్నదాన్నే అది పట్టి ఉంచుతుంది. 

మూడో రోజు పొరుగు ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి, అమ్మతో కలిసి మరదలి చీరలు మూటకట్టారు. బాలెంతగా పోయినామె కట్టిన గుడ్డ పోగు కూడా ఇంట్లో ఉండకూడదు. చాకలామెకు ఇస్తే ఆమె కూడా తీసుకోనంది. బండల మీద పడేసి రావాలని మూట గుమ్మం బయట పెట్టారు. నేను చేతుల్లో బిడ్డతో ఆ మూట పక్క నుంచి లోపలికి వస్తుంటే బిడ్డ తల తిప్పాడు. అంతకంటే ఏమీ జరగలేదు. తల ఆ వైపు తిప్పి, నోరు తెరిచి వెతికాడు. రొమ్ము కోసం వెతికినట్టు.

నేను అక్కడే గుమ్మంలో కూర్చుని ఒక చేత్తో మూట విప్పాను. పైన ఉన్నది ఆమె ఇంట్లో కట్టుకునే నూలుచీర. పాలు కారి ఎండిన మరక ఇంకా ఉంది. దాన్ని బిడ్డ చెంప దగ్గర పెట్టాను. పొరుగు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకామె వెంట తెచ్చిన తన పిల్లలను తీసుకుని వెళ్ళిపోయింది.

“అది ఆడ వెట్టు,” అంది అమ్మ.

“చూడమ్మా. నోరు తెరుస్తుండు.”

“పిచ్చిదానా, ఆ గుడ్డలెంబడి ఆమె లోపలికొస్తది. బిడ్డను తీస్కపోతది.”

“ఆమె ఈ బిడ్డకు కీడు చేస్తదా?”

“ఆమె చెయ్యది. నాకెర్కలేదా ఆమె సంగతి? ఆమె ఎంబడి వచ్చేది చేస్తది.”

నాకు కోపం రాలేదు. ఆ ముఖంలో ఉన్నది మొండితనం కాదు, భయం. రెండు సమాధులు చూసి, ఇది మూడోది చూసిన మనిషి. నేను బోధించే స్థితిలో కూడా లేను. ఆ బుధవారం గొంతెత్తి పాడినదాన్ని నేను. ఆమెను కాలుస్తున్న నిప్పుకు మేము స్తోత్రం చెప్పాం. ఆ స్తోత్రాన్ని ప్రభువు ఏమని విన్నాడో నాకు ఇవాళ్టికీ తెలియదు. విన్నాడని మాత్రం తెలుసు. ఆయన వినడు అనుకుంటే నేను బతకలేను.

“అమ్మా,” అన్నాను, “ఆమె ఇప్పుడు ఏడున్నదో నువ్వు ఆదివారం ఆదివారం నిలవడి ఒప్పుకుంటవు గద. పొయ్యినోళ్ళు ఆయన చేతులల్ల ఉన్నరని అంటవు. ఆ చేతులకెల్లి గుంజుకోని రానీకి ఎవ్వనికి బలముంది?”

అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. తమ్ముడు ఇంటి ముందు రాయి మీద కూర్చుని అంతా విన్నాడు. లేచి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, మూట ఎత్తి లోపల నా ముందు పెట్టి, మళ్ళీ వెళ్ళి రాయి మీదే కూర్చున్నాడు.

చీరలు ఉతకలేదు. ఉతికితే వాసన పోతుంది. నా పద్ధతికి అది విరుద్ధం, ఉతకని గుడ్డను నేను ఎన్నడూ బొంతలో పెట్టలేదు. ఇంట్లో కట్టే చీర లోపలి పొర చేశాను, బిడ్డకు తగిలే వైపు. మధ్యలో రంగు వెలిసిన రెండు. అన్నిటికంటే పైన కిందటి క్రిస్మస్‌కు కట్టుకున్న సన్నజరీ అంచు చీర. నేల మీద పరిచి, రాళ్ళ కోసం లేవకుండా మూలలకు చెంబులు పెట్టాను. కుట్టు మొదటి వరస సగంలో ఉండగానే బిడ్డను ఆ పొరల మధ్య పడుకోబెట్టాను. ముఖం గుడ్డలోకి దూర్చుకుని కాసేపు వెతికాడు. దూదివత్తి పాలలో ముంచి, ఆ మరక పక్క నుంచి నోటికి అందించాను. పెదవులు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. మింగిన చప్పుడు వినిపించింది. అది చాలా చిన్న చప్పుడు, బయట రాయి మీద కూర్చున్న తమ్ముడు తల ఎత్తాడంటే వాడికీ వినిపించిందో, లేక నేను ఊపిరి వదలడం వినిపించిందో.

ఇంకోసారి ముంచాను. ఇంకోసారి మింగాడు.

ఆ పూట పొద్దువాలేదాకా ఒక చేత్తో వత్తి, ఒక చేత్తో సూది. కుట్టు వంకరగా పోతోంది, పోనిచ్చాను. గోడ వైపు తిరిగిన అమ్మ వీపు కదలలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. బొంత అంచు మడిచి బిడ్డ గడ్డం కిందికి తెచ్చి కుడుతుంటే, ఆమె గొంతు వినిపించింది. ఇటు తిరగకుండానే అంది.

“జరీ అంచు లోపటికి వెట్టకు. పోరనికి గుచ్చుకుంటది.”

నేను ఆ వరస విప్పి, అంచు బయటి వైపుకు తిప్పాను.